జర్నబ్ చెట్టు, సర్తాన్ మర్జ్



మా ఖాలాకు రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి ఎనిమిది నెలల దాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు. ఖాలూకు కూడా చెప్పలేదు. హయా అడ్డొచ్చింది. పక్కింటి ఆపా చెప్పిందని కలోంజీ నూనె రాసుకుంది. నిజామాబాద్ జిల్లాలో పసుపుకు కొదవ లేదు కాబట్టి, పసుపు నూరి పట్టు వేసుకుంది. ఆ తర్వాత ఎవరో హకీం సాబ్ ఇచ్చారని ఒక సీసా తెప్పించుకుని రోజూ పరగడుపున తాగింది. గడ్డ పుండై, కుర్తాకు తడి అంటడం మొదలయ్యాకే మా అమ్మీకి చూపించింది.

కీమో మొదలైంది. కొన్నాళ్ళకు డాక్టర్లు మందు మార్చారు. ఆ రోజు దవాఖానాలో ఖాలా మంచం పక్కన నేనున్నాను. సెలైన్ పెట్టే ముందు నర్సమ్మ రెండు మూడు ఇంజెక్షన్లు ఇచ్చింది. అసలు మందు మూడు గంటల పాటు చుక్కచుక్కగా ఎక్కుతుందని చెప్పింది. ఖాలా ఆ సీసా వైపు చూస్తూ అడిగింది, "ఈ దవా దేనితో చేస్తారు బేటా?" నేను పత్రికలో పనిచేస్తాను కాబట్టి నాకు అన్నీ తెలుసని ఆమె నమ్మకం. నాకు తెలియదు. మందు పేరు రాసుకున్నాను. ప్యాక్లిటాక్సెల్. ఆ రాత్రి దాని గురించి చదివాను.

మరునాడు వెళ్ళి చెప్పాను, "చెట్టు బెరడు నుంచి వచ్చింది ఖాలా." ఆమె నవ్వింది. "అరె, ఇదీ జడీబూటీయే కదా! మరి నేను జడీబూటీ వాడానని మీరంతా ఎందుకు కోప్పడ్డారు?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్న ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

పీత పేరున్న మర్జ్

ఉర్దూలో క్యాన్సర్‌ను సర్తాన్ అంటాం. సర్తాన్ అంటే పీత. కర్కాటక రాశిని బుర్జె సర్తాన్ అనేది కూడా అందుకే. ఈ పేరు యూనాన్ నుంచి వచ్చింది. బుఖ్రాత్ కాలం నాటి యూనానీ హకీములు ఈ గడ్డను పీత అని పిలిచారు. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు పీత కాళ్ళలా కనబడతాయని జాలీనూస్ వివరించాడు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్, ఆయన సాథీలు ఈ గ్రంథాలను అరబీలోకి తర్జుమా చేశారు. యూనానీ పీత అరబీలో సరతాన్ అయ్యింది. అక్కడి నుంచి ఫార్సీకి, ఉర్దూకు, మన ఇళ్ళకు వచ్చింది.

జాలీనూస్ లెక్కలో ఈ మర్జ్‌కు కారణం సౌదా. ఒంట్లోని నాలుగు రసాల్లో నల్లనిది. ఆ లెక్క తప్పని ఈరోజు మనకు తెలుసు. కానీ ఆ తబీబులు రోగిని చూసి రాసింది తప్పు కాదు. అందలూస్‌లో క్రీస్తుశకం 1000 ప్రాంతంలో అజ్ జహ్రావీ 'కితాబుత్ తస్రీఫ్' రాశాడు. జరాహత్‌లో, అంటే కోత వైద్యంలో, యూరప్‌కు వందల ఏళ్ళ పాటు అది పాఠ్యపుస్తకం. రొమ్ములో వచ్చే సర్తాన్ చిన్నదిగా, మొదట్లోనే ఉంటే మొత్తం తీసెయ్యాలని, ముదిరి పెద్దదైతే దాని జోలికి పోవద్దని ఆయన రాశాడు. అలాంటి ముదిరిన మర్జ్‌ను తాను నయం చేయలేకపోయానని, నయం చేసినవాళ్ళనూ చూడలేదని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. వెయ్యేళ్ళ కిందటి ఆ ఇమాన్‌దారీ నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఆయన తర్వాత కొద్దికాలానికే ఇబ్నె సీనా 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' పూర్తిచేశాడు. ఆయన మాట కూడా దాదాపు ఇదే. గడ్డ చిన్నగా ఉంటే చుట్టూ ఉన్న భాగంతో సహా తీసెయ్యాలి. మందులతో దాన్ని పెరగకుండా, పుండు పడకుండా ఆపడానికి ప్రయత్నించవచ్చు. ఇద్దరి మాటలోనూ ఒకే హెచ్చరిక ఉంది. ఆలస్యం చేయవద్దు.

అదే ఖానూన్ రెండో కితాబులో వందలాది మూలికల పేర్లు, గుణాలు ఉన్నాయి. వాటిలో ఒకటి జర్నబ్. ఇబ్నె సీనా దీన్ని గుండెకు బలమిచ్చే దవాగా లెక్కించాడు. ఈ జర్నబ్ ఏ చెట్టు అన్న విషయం మీద బహస్ ఉంది. ఈ కాలపు పరిశోధకులు కొందరు దాన్ని 'యూ' చెట్టుగా గుర్తించారు. చలి ప్రాంతాల్లో పెరిగే, సూదుల్లాంటి ఆకులు, ఎర్రని పండ్లు ఉండే చెట్టు. దాని శాస్త్రీయ నామం ట్యాక్సస్. ఖాలా ఒంట్లోకి ఎక్కిన మందు ఆ ట్యాక్సస్ జాతి చెట్టు నుంచే మొదట వచ్చింది.

ఇక్కడ మనవాళ్ళు కొందరు తొందరపడతారు. "చూశారా, మన ఇబ్నె సీనాకు వెయ్యేళ్ళ కిందటే తెలుసు!" అంటారు. వాట్సాప్‌లో ఇలాంటివి రోజూ వస్తాయి. నిజం అది కాదు. ఇబ్నె సీనా జర్నబ్‌ను గుండె కోసం రాశాడు, సర్తాన్ కోసం కాదు. ఆ చెట్టులో సర్తాన్‌ను ఆపే పదార్థం దాగి ఉందని ఆయనకు తెలియదు. తెలుసుకునే సాధనాలు ఆయన కాలంలో లేవు. పైగా ఆ చెట్టు విషం. దాని ఆకుల్లో ఉండే ట్యాక్సీన్ అనే పదార్థం గుండెను ఆపేస్తుంది. పశువులు మేస్తే చచ్చిపోతాయి. ఇబ్నె సీనా గొప్పదనాన్ని చెప్పుకోవడానికి అబద్ధం అవసరం లేదు.

అల్‌ఖలీ నుంచి ఆల్కలాయిడ్ దాకా

మూలిక వేరు, మూలికలోని అసలు పదార్థం వేరు. ఈ తేడాను మనిషి నేర్చుకున్నది పందొమ్మిదో శతాబ్దంలో. నల్లమందు నుంచి మార్ఫిన్, సింకోనా బెరడు నుంచి క్వినైన్ విడదీశారు. ఇలాంటి పదార్థాలకు 1819లో ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త 'ఆల్కలాయిడ్' అని పేరు పెట్టాడు. క్షారానికి అరబీలో ఉన్న అల్‌ఖలీ అన్న పేరే ఆ మాటకు మూలం.

మన దేశంలో ఈ దారి తొక్కినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు హకీం అజ్మల్ ఖాన్. ఢిల్లీలో ఆయన కట్టించిన తిబ్బియా కాలేజీని 1921లో గాంధీజీ ప్రారంభించారు. యునానీ దవాలను సైన్సు తరాజులో తూచాలన్నది హకీం సాబ్ ఖ్వాయిష్. ఆయన ప్రోత్సాహంతో సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే యువకుడు జర్మనీలో రసాయన శాస్త్రం చదివి వచ్చాడు. యునానీ వాళ్ళు అస్రోల్ అనీ, మన తెలుగువాళ్ళు సర్పగంధ అనీ పిలిచే వేరు నుంచి 1931లో కొన్ని ఆల్కలాయిడ్లు విడదీశాడు. అప్పటికి హకీం సాబ్ వఫాత్ అయి మూడేళ్ళు దాటింది. సిద్దీఖీ ఒక ఆల్కలాయిడ్‌కు తన ఉస్తాద్ పేరు పెట్టాడు. అజ్మలీన్. గుండె లయ తప్పినప్పుడు వాడిన మందు అది. ఆ పేరు ఇప్పటికీ వైద్య గ్రంథాల్లో ఉంది.

అజ్మలీన్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం లేదు. కానీ అస్రోల్ నుంచి అజ్మలీన్ దాకా సాగిన దారి, క్యాన్సర్ మందులు వచ్చిన దారి ఒక్కటే. వేరును పొడిచేసి తాగించడంతో హకీం సాబ్ తృప్తిపడలేదు. అందులో పనిచేసేది ఏమిటి, ఎంత మోతాదులో పనిచేస్తుంది అని అడిగాడు.

ఇంటి ముందరి సదాబహార్

మన ఇళ్ళ ముందు, ఖబ్రస్తాన్ గోడల పక్కన ఏడాది పొడుగునా పూసే ఒక చిన్న మొక్క ఉంటుంది. గులాబీ రంగువి, తెల్లవి, అయిదు రేకుల పూలు. ఉర్దూలో సదాబహార్. తెలుగులో బిళ్ళగన్నేరు. దీని పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. చాలా దేశాల్లో చక్కెర జబ్బుకు దీని ఆకుల కషాయం తాగేవారు.

1950ల మొదట్లో జమైకా నుంచి ఒక కవరులో ఈ ఆకులు కెనడా చేరాయి. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త వాటి రసాన్ని ఎలుకలకు ఇచ్చి చూశాడు. రక్తంలో చక్కెర తగ్గలేదు. కానీ తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి. ఇంకెవరైనా అయితే పని జరగలేదని ఆకులు పారేసేవారు. నోబుల్ ఆగి ఆలోచించాడు. తెల్లకణాలను తగ్గించేది, తెల్లకణాలు అడ్డూఅదుపూ లేకుండా పెరిగే బ్లడ్ క్యాన్సర్‌ను కూడా తగ్గించవచ్చు కదా? చార్లెస్ బీర్ అనే సహచరుడితో కలిసి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని విడదీశాడు. 1958లో దీన్ని ప్రకటించారు. అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో అనుమతి పొందింది. పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో ఇప్పటికీ అది ముఖ్యమైన మందు. వీటి చెల్లెలు లాంటి వినోరెల్‌బిన్‌ను ఫ్రాన్స్‌లో పియర్ పోటియే బృందం తయారుచేసింది. అది రొమ్ము క్యాన్సర్‌కు కూడా పనికొచ్చింది.

ఇందులో మన తెలుగువాడి హిస్సా కూడా ఉంది. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో ఉన్నప్పుడు, ఈ ఆకుల నుంచి రెండు మందులనూ తీసే పద్ధతి రూపొందించారు. సిప్లా కంపెనీ 1980లలో వాటిని ఇక్కడే తయారుచేసింది. ఆయనే తర్వాత హైదరాబాద్‌లో ఐఐసీటీ డైరెక్టర్ అయ్యారు.

మా ఖాలా ఇంటి వాకిట్లో సదాబహార్ మడి ఉండేది. రోజూ అస్ర్ నమాజ్ తర్వాత తానే నీళ్ళు పోసేది.

కొట్టి కాల్చేసే చెట్టు

1960లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఒక పెద్ద పని మొదలుపెట్టింది. దేశదేశాల మొక్కలు తెప్పించి, వాటి రసాలను క్యాన్సర్ కణాల మీద పరీక్షించడం. 1981 దాకా లక్షకు పైగా రసాలు పరీక్షించారు. వాటిలో చివరికి మందుగా నిలబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

1962 ఆగస్టులో ఆర్థర్ బార్క్‌లే అనే వృక్షశాస్త్రవేత్త వాషింగ్టన్ రాష్ట్రంలోని అడవిలో పసిఫిక్ యూ చెట్టు బెరడు, కొమ్మలు సేకరించాడు. కలప నరికేవాళ్ళకు ఆ చెట్టంటే చులకన. పెద్ద చెట్లు కొట్టాక మిగిలిన చెత్తతో కలిపి దాన్ని కాల్చేసేవారు. 1964లో దాని రసం క్యాన్సర్ కణాలను చంపుతోందని తేలింది. నార్త్ కరోలినాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న మన్రో వాల్ ఆ పని అందుకున్నాడు. ఆయన పక్కన పనిచేసిన మనిషి మన్‌సుఖ్ వాణీ. మహారాష్ట్రలోని నందుర్బార్‌లో 1925లో పుట్టి, బొంబాయి విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికా వెళ్ళిన మన దేశస్థుడు.

12 కిలోల ఎండు బెరడు, కొమ్మల నుంచి వాళ్ళకు దక్కింది అర గ్రాము. వాల్ దానికి ట్యాక్సాల్ అని పేరు పెట్టాడు. దాని నిర్మాణం 1971లో ప్రచురించారు. కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దొరికేది కొంచెం. నీళ్ళలో కరగదు. ఎలా పనిచేస్తుందో తెలియదు.

ఎలా పనిచేస్తుందో 1979లో న్యూయార్క్‌లో సుసాన్ హార్విట్జ్ అనే మహిళా శాస్త్రవేత్త కనిపెట్టింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాలతో ఒక పరంజా కట్టుకుంటుంది. పని అయ్యాక విప్పేసుకుంటుంది. సదాబహార్ మందులు ఆ పరంజాను కట్టనివ్వవు. ట్యాక్సాల్ దానికి ఉల్టా చేస్తుంది. కట్టిన పరంజాను విప్పనివ్వదు. కణం అలాగే బిగుసుకుని, చీలలేక చచ్చిపోతుంది. ఇలా పనిచేసే మందు అంతకు ముందు ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి ట్యాక్సాల్ మీద మళ్ళీ ధ్యాస పెరిగింది.

తర్వాత వచ్చిన ముష్కిల్ దాన్ని కరిగించడం. దానికి దొరికిన ఉపాయంలో మన చేలకూ చోటుంది. ఆముదం నుంచి తయారుచేసిన ఒక నూనె లాంటి పదార్థంలో దాన్ని కరిగించారు. 1984లో మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి. కొందరికి ఊపిరి ఆడక ప్రాణం మీదికి వచ్చింది. అది ఎక్కువగా ఆ కరిగించే పదార్థం పడకపోవడం వల్లేనని తేలింది. అందుకని ముందుగా స్టెరాయిడ్, అలర్జీ ఇంజెక్షన్లు ఇచ్చి, మందును నెమ్మదిగా ఎక్కించడం నేర్చుకున్నారు. ఖాలాకు నర్సమ్మ ముందుగా ఇచ్చిన ఆ రెండు మూడు ఇంజెక్షన్ల వెనుక ఇంత కథ ఉంది. ముందు వెళ్ళిన రోగులెవరో కష్టం భరించి వదిలివెళ్ళిన ఇల్మ్ అది.

1989లో, వేరే ఏ మందుకూ లొంగని అండాశయ క్యాన్సర్ రోగుల్లో దాదాపు 30 శాతం మందికి గడ్డలు తగ్గాయని తేలింది. 1991లో, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 25 మందికి ఇస్తే 14 మందికి గడ్డలు సగానికి పైగా తగ్గాయి. 1992 చివరిలో అండాశయ క్యాన్సర్‌కు, 1994లో రొమ్ము క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. బెరడు సేకరించిన రోజు నుంచి రొమ్ము క్యాన్సర్ మందుగా నిలబడేదాకా 32 ఏళ్ళు పట్టింది.

అడవి చెల్లించిన మూల్యం

మందు పనిచేస్తోందన్న ఖబర్ రాగానే చెట్టు మీద పడ్డారు. ఒక కిలో మందుకు దాదాపు 3,000 చెట్ల బెరడు కావాలని లెక్క. బెరడు తీస్తే చెట్టు చచ్చిపోతుంది. యూ చెట్టు పెరగడం మహా నెమ్మది. నిన్నటిదాకా చెత్తలో కాల్చిన చెట్టు కోసం 1992లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది.

దీనికి దారి చూపింది ఫ్రాన్స్‌లోని ఆ పియర్ పోటియేనే. యూరప్ యూ చెట్టు ఆకుల్లో ట్యాక్సాల్‌కు దగ్గరి పదార్థం ఒకటి పుష్కలంగా ఉందని గమనించాడు. ఆకులు కోస్తే చెట్టు చావదు, మళ్ళీ చిగురిస్తుంది. ఆ పదార్థం నుంచి ఆయన బృందం డోసిటాక్సెల్ అనే కొత్త మందు తయారుచేసింది. 1996లో అది కూడా రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందింది. అమెరికాలో రాబర్ట్ హోల్టన్ అదే ఆకుల పదార్థాన్ని ట్యాక్సాల్‌గా మార్చే పద్ధతి కనిపెట్టాడు. 1990ల మధ్యకు వచ్చేసరికి బెరడు అవసరం తీరిపోయింది. ఇప్పుడు పెద్ద తొట్లలో మొక్క కణాలను పెంచి కూడా ఈ మందు తీస్తున్నారు.

మన హిమాలయాల యూ చెట్టుకు మాత్రం ఈ మేలు ఆలస్యంగా అందింది. కశ్మీర్ నుంచి అరుణాచల్ దాకా ఉన్న ఈ చెట్లను 1990లలో విచ్చలవిడిగా కొట్టి అమ్ముకున్నారు. 1995లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న జాబితాలో చేర్చారు. ఈనాటికీ అది ప్రమాదంలో ఉన్న చెట్లలో ఒకటి.

సంతోష వృక్షం

వాల్, వాణీ ఇద్దరూ ట్యాక్సాల్‌తో ఆగలేదు. అంతకు ముందే, 1966లో, చైనాలో 'సంతోష వృక్షం' అనే చెట్టు నుంచి క్యాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని బయటపెట్టారు. మన పశ్చిమ కనుమల్లోని ఒక చెట్టులో కూడా అది ఉందని 1970లలో మన శాస్త్రవేత్తలు కనుగొన్నారు. కానీ మనుషులకు ఇచ్చినప్పుడు దాని దుష్ఫలితాలు భరించలేనంతగా ఉన్నాయి. ప్రయోగాలు ఆపేశారు. ఏళ్ళ తరబడి దాన్ని మార్చి మార్చి చూశారు.

చివరికి దొరికిన ఉపాయం ఏమిటంటే, ఆ పదార్థం రూపాన్ని మార్చి, క్యాన్సర్ కణం చిరునామా వెతుక్కుంటూ వెళ్ళే యాంటీబాడీకి దాన్ని అతికించడం. ఉత్తరంలో పెట్టి పంపినట్టు. అలా తయారైన సాసిటుజుమాబ్ అనే మందు, హార్మోన్ మందులకు గానీ హెర్2 మందులకు గానీ లొంగని ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్‌కు 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి పొందింది. 95 ఏళ్ళ మన్‌సుఖ్ వాణీ కన్నుమూసింది కూడా ఆ నెలలోనే. చెట్టులో పదార్థం దొరికిన 54 ఏళ్ళకు అది ఈ రూపంలో రోగి దగ్గరకు చేరింది.

పసుపు, కలోంజీ సంగతి

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. పసుపులోని పచ్చని పదార్థం కర్కుమిన్. దాన్ని మొదటిసారి 1815లో విడదీశారు. గాజు పాత్రలో పెంచిన క్యాన్సర్ కణాల మీద పోస్తే అవి చచ్చిపోతాయి. కలోంజీలోని థైమోక్వినోన్ కూడా అలాగే చంపుతుంది. ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా వాడే రొమ్ము క్యాన్సర్ కణాల పేరు ఎంసీఎఫ్-7. 1970లో అమెరికాలో ఒక క్రైస్తవ సన్యాసిని ఒంటి నుంచి తీసిన కణాలవి. ఆమె ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు, ఆమె కణాలు మాత్రం ప్రపంచమంతా ల్యాబుల్లో ఇంకా పెరుగుతున్నాయి. "పసుపు క్యాన్సర్‌ను చంపుతుంది" అని మీకు ఫార్వర్డ్ వచ్చినప్పుడు, దాని మూలం చాలాసార్లు ఆ గాజు పాత్రే.

గాజు పాత్ర వేరు, మనిషి ఒళ్ళు వేరు. మనం తిన్న పసుపులోని కర్కుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. చేరినదాన్ని కూడా కాలేయం వెంటనే మార్చేసి బయటకు పంపుతుంది. 2017లో రసాయన శాస్త్రవేత్తలు కర్కుమిన్ మీద అప్పటిదాకా జరిగిన పనినంతా వడపోశారు. మనుషుల మీద 120కి పైగా పరీక్షలు జరిగినా, పకడ్బందీగా చేసిన పరీక్షలో ఒక్క జబ్బుకూ అది దవాగా నిలబడలేదని రాశారు. రేపు ఏ పరిశోధకుడో కర్కుమిన్‌ను మార్చి, క్యాంప్టోథెసిన్‌లా మందుగా మలచవచ్చు. ఉమ్మీద్ ఉంది. కానీ ఉమ్మీద్‌ను ఇలాజ్ అనుకోకూడదు. లక్షకు పైగా రసాల్లో నిలబడినవి ఎన్నో ముందే చెప్పాను కదా.

కలోంజీలో షిఫా ఉందన్న హదీస్ సహీ బుఖారీలో ఉంది. మనం దాన్ని నమ్ముతాం. కానీ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బు పడినప్పుడు ప్రవక్త (స) ఆయన్ని హారిస్ బిన్ కలదా అనే తబీబ్ దగ్గరకు వెళ్ళమన్న రివాయత్ కూడా అబూ దావూద్‌లో ఉంది. కలోంజీ తినండి, ఎవరూ వద్దనరు. కానీ దాన్ని చూపించి తబీబ్ దగ్గరకు వెళ్ళకుండా ఎవరినీ ఆపకండి. కీమో నడుస్తుంటే మాత్రం ఏ నుస్ఖా, ఏ గోలీ వాడుతున్నా డాక్టరుకు చెప్పండి. కొన్ని మూలికలు ఆ మందుల పనికి అడ్డుపడతాయి.

ఖాలాకు జవాబు

ఖాలా, నీ ప్రశ్నకు జవాబు ఇది. నువ్వు తాగిన సీసా, నీకు ఎక్కించిన సీసా రెండూ చెట్టు నుంచి వచ్చినవే కావచ్చు. కానీ నీకు ఎక్కించిన దాంట్లో ఏముందో, ఎంత ఉందో, ఎంత ఎక్కువైతే మనిషి చస్తాడో, ఎంత తక్కువైతే పని చేయదో లెక్క ఉంది. ఎంతమందికి పనిచేసిందో, ఎంతమందికి చేయలేదో రాసి ఉంది. నువ్వు తాగిన సీసాలో ఏముందో దాన్ని ఇచ్చినవాడికే తెలియదు. ఆ యూ చెట్టు బెరడునే తెచ్చి ఇంట్లో కషాయం కాస్తే ట్యాక్సాల్ రాదు, అది నీళ్ళలో సరిగ్గా కరగదు. వచ్చేది విషమే. మేము కోప్పడింది జడీబూటీ మీద కాదు. పోయిన ఎనిమిది నెలల మీద.

ఆ నెలల విలువ ఎంతో కూడా లెక్క ఉంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అప్పటికి శరీరమంతా పాకని రొమ్ము క్యాన్సర్ ఉండి, ఆపరేషన్, కీమో లాంటి అసలు ఇలాజ్ వదిలి కేవలం ప్రత్యామ్నాయ వైద్యాన్ని నమ్ముకున్నవాళ్ళు చనిపోయే ముప్పు, మామూలు ఇలాజ్ తీసుకున్నవాళ్ళతో పోలిస్తే అయిదు రెట్లకు పైగా ఎక్కువ. అజ్ జహ్రావీ, ఇబ్నె సీనా చెప్పింది కూడా ఇదే కదా. చిన్నగా ఉన్నప్పుడే రండి.

హైదరాబాద్‌లో 1955 నుంచి ఒక ప్రభుత్వ క్యాన్సర్ దవాఖానా ఉంది. దానికి మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టారు. మన పెద్దలు కట్టిన మస్జిదులు, మహళ్ళ గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. ఇలాంటి పేర్లు కూడా పిల్లలకు చెప్పాలి. అలాగే ఇంట్లో ఆడవాళ్ళు "ఇక్కడ గడ్డ ఉంది" అని చెప్పుకునే మాహోల్ ఉండాలి. హయా మన ఈమాన్‌లో భాగం, నిజమే. కానీ మర్జ్‌ను దాచి ప్రాణం పోగొట్టుకోమని ఏ హయా చెప్పదు. లేడీ డాక్టర్ కావాలంటే అడగండి. దొరకకపోతే ఎవరున్నా చూపించండి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మొదట్లో చాలా గడ్డలు నొప్పి పెట్టవు. ఖాలా కూడా అదే అంది, "నొప్పి లేదు కదా బేటా, అందుకే అనుకోలేదు."

ఆ మందు మా ఖాలాకు దాదాపు మూడేళ్ళు ఇచ్చింది. ఆ మూడేళ్ళలో చిన్న కూతురి నికాహ్ చేసింది. మనవరాలిని ఎత్తుకుంది. తర్వాత సర్తాన్ కాలేయానికి పాకింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆమె వాకిట్లో సదాబహార్ ఇప్పటికీ పూస్తోంది. ఇప్పుడు ఆమె చిన్న కూతురు నీళ్ళు పోస్తోంది. మొన్న వెళ్ళినప్పుడు ఆ మొక్కలో ఏముందో, అది ఎందరు పిల్లల ప్రాణాలు నిలబెట్టిందో ఆమెకు చెప్పాను. విని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "భాయ్‌జాన్, నేను కూడా ఒకసారి చెక్ చేయించుకోవాలి కదా?" అంది.

చేయించుకోవాలి అన్నాను. ఆ వారమే వెళ్ళింది.